గేరుకు కట్టిన ముడుపు

మా ఆడబిడ్డ కూతురి పెండ్లి ఫొటోలు మొన్న వచ్చాయి. ఏ ఫొటో చూసినా మా ఇంటాయన చెయ్యికి పసుపుగుడ్డలో ఒక కొబ్బరికాయ వేలాడుతూ ఉంది. చూసినవాళ్లంతా అదేందని అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నాను. నన్ను చూసి నవ్వండి, ఫరవాలేదు. ఆంజనేయస్వామిని మాత్రం ఏమీ అనకండి.

మాది పాత వ్యాన్. ఇంజను ముందు సీట్ల కిందనే ఉంటుంది. సీటు లేపితే పొయ్యి ముందర కూర్చున్నట్టే. ఏడాది నుంచి దాని జబ్బు ఏందంటే, రెండో గేరు వేస్తే నిలవదు, జారిపోతుంది. అందుకని గద్వాల నుంచి అయిజకు పోయినా సరే, ఆయన రెండో గేరు వేయంగనే నేను దాన్ని గట్టిగా పట్టుకొని కూర్చోవాలి. ఒక చేతిలో గేరు, ఒక చేతిలో జపమాల. "పట్టు" అంటే పట్టాలి, "ఇడువు" అంటే ఇడవాలి. పెండ్లయిన ఇన్నేండ్లలో మా ఇంటాయన నాతో ఎక్కువ మాట్లాడింది ఆ గేరు పుణ్యాననే.

ఇంతలో నాగర్‌కర్నూల్‌లో పెండ్లి కుదిరింది. పిల్లను గంపలో కూర్చోబెట్టి మండపానికి ఎత్తుకొచ్చేది మేనమామ. ఉన్నది మా ఆయన ఒక్కడే. ఆ పిల్ల పుట్టినప్పుడు దవాఖాన నుంచి ఇంటికి ఎత్తుకొచ్చింది కూడా ఆయనే. "గంప నేనే ఎత్తాలె, బండి నడుమ ఆగొద్దు" అని వనపర్తి పోయి, మెకానిక్ ఖాజాతో గేర్‌బాక్సు విప్పించి, అరిగిన సామాను మార్పించి, కొత్త ఆయిలు పోయించి తెచ్చారు.

ఖాజా మీద నాకు నమ్మకం లేక కాదు. మా ఇంట్లో ఎవరికి బాగలేకున్నా స్వామికి మొక్కి ముడుపు కడతాం. అది కూడా నొప్పి ఉన్న తావునే కట్టాలి. మోకాలు నొస్తే మోకాలికి, మెడ నొస్తే మెడకు. మరి బండికి నొప్పి ఎక్కడ?

పెండ్లినాడు తెల్లవారి ఆయన స్నానానికి పోయినప్పుడు నేను సీటు లేపాను. గేరు కింద నుంచి పొడుగ్గా ఒక రాడ్డు పోతుంది. చిన్న కొబ్బరికాయను పసుపుగుడ్డలో చుట్టి ఆ రాడ్డుకు గట్టిగా కట్టాను. "బీచుపల్లి ఆంజనేయా, మమ్మల్ని పెండ్లికి చేర్చు. తిరిగొచ్చేటప్పుడు నీ ముందర ఈ కాయ కొడ్త. అందాక ముడి విప్ప" అని మొక్కి సీటు మూసేశాను. ముడుపు సంగతి నలుగురికీ చెప్పుకునేది కాదు కాబట్టి ఆయనకూ చెప్పలేదు.

బయల్దేరబోతే రివర్సు పడలేదు. ఎదురింటివాళ్లు వచ్చి నూకితే బండి సందులో నుంచి బయటికొచ్చింది. మొదటి గేరు పడింది. రెండోది పడలేదు. మూడోది పడింది. నాలుగోది పడలేదు. ఆయన మొదటి గేరులోనే బండి మొత్తుకునేదాకా పోయి, అక్కడి నుంచి మూడో దాంట్లోకి దుంకించేవారు. బండి మలేరియా జ్వరం వచ్చినట్టు వణికేది.

మోకాళ్ల నొప్పులతో వెనక సీట్లో కూర్చున్న మా అత్తమ్మ అడిగింది. "ఏందిరా, నడుమ ఒకటి ఇడిసిపెట్టి పోతున్నవ్?"

"పడ్తలేదమ్మా."

"మొన్న జారిపోతుండె అంటివి. ఇప్పుడు పడనే పడ్తలేదా? మంచిగనే బాగు చేయించినవ్ తియ్."

ఆయన ఖాజాకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టారు. నేను మాత్రం, ఆ రెండు గేర్లయినా పడుతున్నాయంటే ముడుపు మహిమే కదా అనుకొని, బీచుపల్లి కాడ కృష్ణ బ్రిడ్జి మీద నుంచి స్వామికి ఇంకో దండం పెట్టుకున్నాను.

వనపర్తిలో ఖాజా రోడ్డు మీదనే మొహం ముడుచుకొని నిలబడి ఉన్నాడు. సీటు లేపాడు. ఫోన్ లైటు వేసి లోపలికి చూశాడు.

"సారూ, ఈ పార్టు నేను ఎయ్యలే."

అందరూ వంగి చూశారు. రాడ్డు ముందుకు పోతుంది కానీ వెనక్కి రాకుండా కాయ అడ్డం పడిందట. వెనక్కి గుంజితే పడే గేర్లన్నీ అందుకే పడలేదట. ఖాజా కత్తి తీశాడు.

"ఆగు ఖాజా" అన్నాను. నా మాట వంటింటి గడప దాటదని పేరు. ఆనాడు బజారు దాకా వినిపించింది. "మొక్కు తీరకముందే ముడి కొయ్యొద్దు."

ఆయన నెత్తి పట్టుకున్నారు. అప్పుడే ఆడబిడ్డ ఫోన్. "అన్నా, ఏడున్నరు? పంతులు తొందర చేస్తుండు. గంప ఇంకెవరితోనన్న ఎత్తిస్తమంటున్నరు."

ఆయన ఫోన్ పెట్టేసి ఒకసారి కత్తి దిక్కు, ఒకసారి నా దిక్కు చూశారు. తిట్టినా బాగుండు అనిపించింది.

అత్తమ్మే వెనక నుంచి అన్నది. "ఖాజా, ముడి అట్లనే ఉంచి రాడ్డు ఊడదియ్యరాదా?"

ఖాజా రాడ్డు చివర బోల్టు విప్పి, గాజు తీసినట్టు ముడుపును జారదీసి నా చేతిలో పెట్టాడు. ఇంజను వేడికి కాయ కాలిపోతూ ఉంది.

"ఇప్పుడు దీన్ని ఏడ కట్టాలె అత్తమ్మా?"

"నొప్పి ఉన్న తావునే గద కట్టాలె. ఇప్పుడు నొప్పి నా కొడుక్కే ఉంది. వానికి కట్టు."

ఆ ముడిలోకి ఇంకో పసుపుదారం జొనిపి ఆయన చెయ్యికి కట్టాను. ఖాజా రాడ్డు బిగించాడు. నాలుగు గేర్లూ వెన్నలో వేలు పెట్టినట్టు పడ్డాయి. బిజినేపల్లి ఎప్పుడు దాటామో తెలియలేదు.

పోయేసరికి ఎవరో కండువా నడుముకు కట్టి గంప ముందర వంగుతున్నారు. మా ఆయన బండి ఆపీ ఆపకముందే దిగి ఉరికారు. గంప ఎత్తుతుంటే కాయ ఊగి పంతులుగారి భుజానికి తాకింది.

"మామా, ఇదేంది?" పిల్ల గంపలో నుంచి మెల్లగా అడిగింది.

"గేరు బిడ్డా. నువ్వు నవ్వకు, ఫొటో తీస్తున్నరు."

తిరిగొచ్చేటప్పుడు బీచుపల్లిలో కాయ కొట్టాం. లోపల నీళ్లు చాయ్ అంత వేడిగా ఉంటాయేమో అని భయపడ్డాను. మామూలుగానే ఉన్నాయి. స్వామి దయ.

అంతటితో అయిపోయింది అనుకున్నాను. నిన్న పెండ్లికొడుకు మేనత్త ఫోన్ చేసింది.

"వదినే, మీ తాన మేనమామకు ముడుపు కట్టే పద్ధతి మాకు మస్తు నచ్చింది. వచ్చే నెల మా బిడ్డ పెండ్లికి మేం గూడ కడ్తం. ఏ చెయ్యికి కట్టాలె?"

నిజమంతా చెప్పడానికి సిగ్గు. అబద్ధం నోటికి రాదు.

"కుడిచెయ్యికి కట్టుండ్రి" అన్నాను. "ఎడమచెయ్యి గేరు వెయ్యనీకి కావాలె గద."



"మా తమ్మునికి బండి నడపనీకి రాదు వదినే" అన్నది పరేషాన్‌గా. "పెండ్లి లోపల నేర్పియ్యాల్నా?"