వీరేశం సావుకారి ఫారిన్ పండ్లు

వీరేశం సావుకారి గురించి చెప్పుమంటె కుడిదిక్కు దవడపన్ను కాడ మొదలువెడుతాందేంది ఈ మొగిలమ్మ అని నవ్వకుండ్రి. ఆయన బతుకంత ఆ పంట్లెనే ఉండె.

వరంగల్ బీటుబజార్ల ఆయనది వడ్లు కొనే అడ్తి దుకాణం. ఆ దుకాణం ముందట నేను ఇరవై ఏండ్లు వడ్లు చెరిగిన. తొర్రూరు దిక్కుకెళ్లి, పాలంపేట దిక్కుకెళ్లి రైతులు బండ్లు కట్టుకొచ్చి కుప్పలు పోసేటోళ్లు. సావుకారి గద్దె దిగి, ధోతి కుచ్చెళ్లు ఎత్తిపట్టుకొని వచ్చి, కుప్పల చెయ్యివెట్టి ఒక్క గింజ తీసేటోడు. దాన్ని కుడి దవడ కింద వెట్టి, పూజల కూసున్నట్టు కండ్లు మూసేటోడు. గింజ పటుక్కున ఇరిగితె వడ్లు ఎండినట్టు. మెత్తగ నలిగితె పచ్చిగున్నట్టు. పచ్చి అంటె రేటు కోసుడే. ఇగ దాని మీద అప్పీలు లేదు.

అయితే ఆ పటుక్కు ఎవలికి ఇనవడాలె? ఆయన నోట్ల చప్పుడు ఆయనకే ఎరుక. కండ్లు తెరిచి, పాపం ఎంతో బాధపడ్డట్టు మొఖం వెట్టి, "పచ్చిగున్నయ్ బిడ్డా" అనేటోడు. బిడ్డా అని పిలిచి మరీ కోసేటోడు, మర్యాదస్తుడు గద!

మా అన్న కొమురెల్లిది తొర్రూరు పక్కన పల్లె. మూడెకరాల పొలం, రెండు ఎడ్లు. ఏడేండ్ల సంది మా అన్న వడ్లు పచ్చియే. నాలుగొద్దులు ఎండవోసినా పచ్చి, పదొద్దులు ఎండవోసినా పచ్చి. పొయ్యి మీద పేలాలు ఏంచుకొచ్చినా ఆ మహానుభావుడు పచ్చి అనేటోడే. ఎనభై అయిదుల మా అన్న నా పక్కన కూసుండి, "చెల్లె, వచ్చేడు గూడ ఇట్లనే కోస్తె ఎడ్లను అమ్ముడే. ఎడ్లు లేంది నేను దున్నేదేంది?" అన్నడు. నేను చాట ఆడిచ్చుకుంట కూసున్న.

ఎనభై ఆరుల వానకాలం ముందట ఒకనాడు గింజతోని రాయి గూడ పోయింది సావుకారి నోట్లెకు. కరుక్కుమన్నది. దవడపన్ను నడిమికి పలిగింది, పక్కపన్ను గూడ పెచ్చు లేశింది. ఆ రాయి నేనే వెట్టిన్నని బజారంత ఇనవడేటట్టు లొల్లి వెట్టిండు. నేను వెట్టలేదు గని, వెట్టినోనికి పుణ్యముంటదని మనసుల అనుకున్న.

ఎడమదిక్కు పండ్లు జర్దాపానుకు ఎన్నడో ఊడినయ్. ఇప్పుడు కుడిదిక్కు గూడ పోతె వడ్లు ఎట్ల సూస్తడు? ఆయన భార్య కమలమ్మ మంచిమనిషి. "దవాఖాన్ల పండ్ల డాక్టరు తొడుగు వేస్తనంటాండు, పోయి ఏపిచ్చుకోరాదా?" అన్నది. సావుకారికి అది నామోషి. "ఊరోళ్ల చేతులు నా నోట్ల వెట్టిచ్చుకుంటనా?" అన్నడు.

అగో, అప్పుడు దిగిండు హైదరాబాదుకెళ్లి ఒక ఏజెంటు. సఫారీ సూటు, చేతుల రంగురంగుల కాయితం. ఫారిన్ల కొత్త మిషిని వచ్చిందట. నోట్ల చిన్న కెమెరా వెడుతరట. పన్ను టీవీల కనవడుతదట. కంప్యూటరు దాని కొలత తీసుకుంటదట. పక్క మిషిని పింగాణీ ముక్కను చెక్కి, కుర్సీల కూసున్నోడు లేవకముందే పన్ను తయారు చేస్తదట. టికెటు, హోటలు, పన్ను, ఊరు సూపిచ్చుడు, అన్ని కలిపి ఒక్కటే ప్యాకేజీ.

"కంప్యూటరంటె లెక్కలు చేసేదంటరు గద, పన్నెట్ల చేస్తదయ్యా?" అని అడిగింది కమలమ్మ.

"నాది మామూలు పన్నానే? మార్కెట్టును నడిపిచ్చే పన్ను" అన్నడు సావుకారి.

పాసుపోర్టు వచ్చింది. కమలమ్మ రెండు డబ్బాల సకినాలు కట్టిచ్చింది. ఇరిగిన పండ్లతోని సకినాలు ఎట్ల తింటడో ఆమె సోంచాయించలే, ఆయన సోంచాయించలే. బొంబాయికి పోయి ఇమానం ఎక్కిండు. ఇరవై దినాలకు వచ్చిండు. కాజీపేట టేషన్ల దండలేసిండ్రు. దండ వేసినోళ్లకల్లా నోరు తెరిచి సూపిచ్చిండు. కుడిదిక్కు కింద ఇరిగిన జాగల రెండు, వాటికి జోడుగ మీద రెండు, తెల్లగ చాయకప్పుల లెక్క మెరుస్తానయ్.

ఇగ నెల రోజులు బజార్ల వేరే ముచ్చట లేదు. చాయ తాగెటోన్ని పట్టుకొని చెప్పుడు, హమాలోన్ని ఆపి చెప్పుడు. "టీవీల నా పన్ను గుమ్మడికాయంత కనవడ్డదిరా! దొరసాని డాక్టరు సూసి తల ఊపింది" అనేటోడు. ఆమె ఎందుకు ఊపిందో ఎవలికెరుక, జర్దా గార సూసి ఊపిందేమో! చివరికి గద్దె మీద కూసుండి అందరి ముందట ఒక మాటన్నడు. "మనిషి చేసిన పన్ను తప్పు చెప్తది. ఇది కంప్యూటరు చేసిన పన్ను. ఇది అబద్ధమాడది." హమాలి నర్సయ్య, "అవునయ్యా బాంచెన్" అన్నడు.

దసర పోయినంక ఒకనాడు దుకాణంల నల్లా కారి ఒక వడ్ల బస్తా అడుగు నానింది. నేను ఆ తడిగింజలు చాటలకు తీస్తాంటె సావుకారి వచ్చి, అలవాటు మీద ఒకటి తీసి నోట్లేసుకున్నడు. టక్కుమన్నది! పింగాణీకి పింగాణీ తాకిన చప్పుడు. నాకు గూడ ఇనవడ్డది, అవుతల మెట్ల మీదున్న నర్సయ్యకు గూడ ఇనవడ్డది.

"ఎండినయ్, కుప్పల కలుపు" అన్నడు సావుకారి, గద్దెకు పోయిండు. నా చేతి ఏళ్ల సందుల్లకెళ్లి నీళ్లు కారుతానయ్. చీరెకొంగు నోట్ల కుక్కుకొని నవ్విన. దేశాలు తిరిగి తెచ్చుకున్న పంటికి తడి లేదు, పొడి లేదు, అన్నిటికి టక్కే!

వానకాలం పంట వచ్చింది. మొదటి బండి మా అన్నదే. నేను ఎదురువోయి, "అన్నా, ఆయన గింజ కొరికేటప్పుడు అందర్ని ఊకుండుమను. చప్పుడు ఇను, అంతే" అన్న.

కుప్ప వోసిండ్రు. సావుకారి దిగొచ్చిండు. ఒక్క గింజ తీసిండు, కండ్లు మూసిండు. టక్!

కండ్లు తెరిచి, పాత బాధ మొఖం వెట్టి, "పచ్చిగున్నయ్ బిడ్డా" అన్నడు.

మా అన్న చేతులు జోడిచ్చిండు. "అయ్యా, టక్కుమన్నది గద."

"అది... పంటి చప్పుడు."

"అవునయ్యా, పన్నే చెప్పింది" అన్నడు నర్సయ్య. "అబద్ధమాడదంటివి గద!"

సావుకారి ఇంకో గింజ వేసుకున్నడు. టక్! కుప్ప అడుగుకెళ్లి ఒకటి తీసిండు. టక్! బజారంత వచ్చి సుట్టు నిలవడ్డది. నాలిక ఎడమదిక్కుకు పోయింది గని ఆడ ఉన్నయి ఒట్టి చిగుర్లే. పన్ను తప్పు చెప్తాందంటె ఇమానం, కెమెరా, గుమ్మడికాయ అన్ని గంగల కలుస్తయ్. చెమటలు వట్టినయ్ సావుకారికి. నాకైతె కడుపు నిండింది, అబద్ధమెందుకు చెప్పాలె.

"ఎండినయ్" అన్నడు ఆఖరికి, ఎవలో గొంతు పిసికినట్టు. ఏడేండ్లకు మా అన్న వడ్లకు కోత లేని రేటు దొరికింది.

మాపటీలి, పొద్దుగూకంగ, బండి కాడికి పోయిన. మా అన్న ఎడ్లకు గడ్డి వేస్తాండు. కండువ కొసకు కట్టుకున్న గింజలు నా చేతుల వోసి, "చెల్లె, నిజం చెప్పు. ఇవి ఎండినయా, లేకుంటె ఆ పంటి మాయనా?" అని అడిగిండు.

ఒకటి తీసి కొరికిన. పటుక్కుమన్నది.

"ఎండినయే అన్నా."

"మరి పోయినేటియి?"

మిగిలిన గింజలు తిరిగి మా అన్న చేతుల వోసిన. "అవి గూడ ఎండినయే. అంతకుముందువి గూడ. నా చేతులతోని చెరిగిన, నాకెరుక లేదా? నోరు తెరిస్తె నా కూలి పోతదని ఊకున్న." సావుకారి పండ్లు సూసి ఇన్నొద్దులు నవ్వినదాన్ని. నా ముప్పై రెండు పండ్లు గట్టిగనే ఉన్నయ్. ఏం లాభం?

మా అన్న ఎడ్ల మెడల మీద కాడి వెట్టిండు. పలుపులు బిగిచ్చుకుంట అన్నడు, "ఎరికె చెల్లె. నేను కుప్పవోసిన ప్రతిసారి నువ్వు తల వంచుకునేదానివి. నీ కూలి పోతదనే నేను గూడ ఊకున్న."