తమ్ముడు తెచ్చిన పురుగుగడ్డి

చైనాలోని షీనింగ్‌లో ఒక బడి వంటశాలలో పనిచేసి రిటైరైన ఇన్ షూచిన్‌కు ఖరీదైన వస్తువు ఏదైనా తనకోసం వాడుకోవాలంటే మనసొప్పదు. న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో కోలుకుంటున్నప్పుడు తమ్ముడు బావోచెంగ్ ఎర్రపట్టు పరిచిన పెట్టెలో పురుగుగడ్డి తెచ్చిచ్చాడు. మంచుకొండల్లో మట్టికింద చచ్చిన గొంగళిపురుగు తలలోంచి గడ్డిపోచలా మొలిచే పుట్టగొడుగు అది. ఊపిరితిత్తులకు బలమని అక్కడందరి నమ్మకం. అది దొరికే యూషూ కొండల దారిలో లారీ నడిపే బావోచెంగ్, తవ్వినవాడి చేతినుంచే కొన్నానని వార్డంతా వినేలా చెప్పుకున్నాడు. ఆమె దాన్ని ఫ్రిజ్‌లో దాచేసింది. అతను ఫోన్ చేసి తిన్నావా అని అడిగినప్పుడల్లా తిన్నానంది.

రెండు చలికాలాలు గడిచాక, పాడవకముందే అమ్మేసి ఆ డబ్బుతో అతనికే మంచి చలికోటు కొందామనుకుంది. వాడకుండా మిగిలిన కానుకలు కొనే మూ చెంగ్లిన్ దుకాణానికి వెళ్ళి, తమ్ముడు తెచ్చిందని చెప్పి పెట్టె ముందుపెట్టింది.

తెల్లటోపీ పెట్టుకున్న చెంగ్లిన్ పెట్టెను పక్కకు తోశాడు. “పట్టుగుడ్డకు వెల కట్టను పెద్దమ్మా, పురుక్కే కడతాను.” అన్నిటినీ పళ్ళెంలో పోసి ముందు వాసన చూశాడు. ఎండు పుట్టగొడుగు వాసన కొద్దిగా తగ్గిందన్నాడు. దీపం కిందకు జరిపి రంగు చూశాడు, వీపుమీది ముడతలు చూశాడు, నడుం దగ్గర నాలుగు జతల కాళ్ళు తేటగా ఉన్నాయో లేదో చూశాడు. గడ్డి పొడుగ్గా పెరిగితే పురుగు లోపల డొల్లవుతుందట, అందుకని ఒక్కోదాన్నీ వేళ్ళతో నొక్కాడు. నొక్కుతూనే కొన్నిటిని ఏరి పక్కన పెట్టాడు.

వాటిలో ఒకదాన్ని విరిచాడు. లోపల సన్నటి వెదురుపుల్ల ఉంది. విరిగిన ముక్కలను పుల్లతో గుచ్చి, జిగురు రాసి, నిండు పురుగుగా అతికించారు. సగానికి పైగా అలాంటివే.

“ఎవరో మీ తమ్ముణ్ణి బాగా ముంచారు,” అన్నాడు చెంగ్లిన్.

షూచిన్ అటూ ఇటూ చూసింది. “కాస్త మెల్లగా అను నాయనా.”

మంచివాటికి అతను చెప్పిన ధర న్యాయంగానే ఉంది. కానీ ఆమెకు అమ్మబుద్ధి కాలేదు. వాడు తినీతినక కూడబెట్టిన డబ్బుకు దక్కిన అసలువి ఆ కొన్నే కదా అనిపించింది. అతుకులవాటిని అక్కడే చెత్తబుట్టలో వేయించి, మిగిలినవి పొట్లం కట్టించుకుంది. కోటు పింఛను డబ్బుతో కొంది.

ఆదివారం బావోచెంగ్‌ను భోజనానికి పిలిచి, ముదురు బాతుతో ఆ పురుగుగడ్డి ఉడికించి పులుసు పెట్టింది. ఇంకా మిగిలిందా అని అతను ఆశ్చర్యపోతే, కొంచెం దాచానంది.

అతను గిన్నె ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు. “చూశావా అక్కా, సరుకంటే ఇదీ. వచ్చే వేసవికి వాడి దగ్గరే ఇంకో పెట్టె తెస్తా.”

“తేవొద్దు,” అంది షూచిన్, అతని గిన్నెలో ఇంకో గరిటె పోస్తూ. “ఈసారి నన్ను లారీలో తీసుకెళ్ళు. నేనే ఏరుకుంటాను.”

“నీకేం తెలుసు వాటి సంగతి?”

“వంటమనిషినిరా. నొక్కి చూస్తే తెలియదా?”

బావోచెంగ్ నవ్వి, సరే రమ్మన్నాడు.