రెండో గేరుకు ఒక గుటక

గంగులప్ప రెండో గేరు వేసే ముందు గుటక మింగుతాడు.

మొదట ఎడమచేత్తో గేరు కడ్డీని రెండు వేళ్ల ఎత్తు పైకి లేపుతాడు. మణికట్టుతో రెండుసార్లు తడతాడు. అప్పుడు గుటక. ఆ తర్వాత భుజమంతా కిందికి దించుతూ కడ్డీని లాగుతాడు. గేరు పడుతుంది. ఇరవై రెండేళ్లుగా ఇంతే. దాహం ఉన్నా లేకున్నా ఇంతే. నోట్లో ఆకువక్క ఉన్న రోజున మాత్రం కొంచెం ఇబ్బంది.

అతని చిన్న లారీలో గేరు కడ్డీ నేలమీంచి లేవదు. స్టీరింగు చక్రం కిందనుంచి పక్కకు, కొమ్మలా సాగి ఉంటుంది. పాతకాలపు బండ్లలో అలా ఉండేది. లారీ అతనికంటే పదేళ్లు చిన్నది. ఆ వయసు బండి నగరి వీధుల్లో ఇంకొకటి లేదు. దాని పని ఒకటే. గంజి పట్టి ఆరిన పడుగు నూలును మనిషంత పొడవు ఇనుప బీములకు చుట్టి ఇస్తారు. వాటిని మరమగ్గాల షెడ్లకు చేర్చాలి.

గేరు కడ్డీ ఎప్పుడో అరిగి వదులైపోయింది. గంగులప్ప దాన్ని లోపమని ఏనాడూ అనలేదు.

"నా బండికి మనిషి గుర్తు తెలుసబ్బా" అనేవాడు.

అందుకు అతని దగ్గర రెండు సాక్ష్యాలుండేవి.

ఒక మధ్యాహ్నం తాళంచెవి బండికే వదిలి అన్నానికి లోపలికి వెళ్లాడు. ఎవడో బండి ఎత్తుకుపోయాడు. ఏకాంబరకుప్పం రైలుగేటు దాకా మొదటి గేరులోనే పోయాడు. గేటు పడింది, లేచింది. దొంగకు రెండో గేరు మాత్రం దొరకలేదు. బండిని అక్కడే వదిలేసి నడిచి వెళ్లిపోయాడు. సీటు మీద సగం తిన్న శెనక్కాయల పొట్లం మిగిలింది. గంగులప్ప ఆ కాయలు తింటూ బండిని ఇంటికి తెచ్చుకున్నాడు.

రెండో సాక్ష్యం బావమరిది మురుగేష్. "డీజిలు పోయించుకోనొస్తా బావా" అని తాళం తీసుకున్నాడు. అతని చేతికి వెనక గేరు ఒక్కటే తగిలింది. బంకు దాకా వెనక్కే వెళ్లాడు. డీజిలు పోసే మనిషి ట్యాంకు ఎటువైపు వచ్చిందో తెలియక బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

ఏటా లారీకి ఎఫ్‌సీ పరీక్ష ఉంటుంది; నెగ్గితే బండి రోడ్డుకు పనికొస్తుందని కాగితం ఇస్తారు. ఇదివరకటి బ్రేకు ఇన్‌స్పెక్టర్లు లైట్లు చూసి, హారను విని, గంగులప్పనే మైదానంలో ఒక చుట్టు నడపమనేవారు. అతడు లేపేవాడు, తట్టేవాడు, మింగేవాడు. కాగితం వచ్చేది. ఈసారి తిరుపతి మైదానానికి రెబెకా మేడం కొత్తగా వచ్చింది. ఆమె చెయ్యి చాపింది.

"తాళం ఇవ్వండి. నేను నడుపుతాను."

"ఇది వేరే మనిషి చేతికి పలకదు మేడం."

"పలకాలి. పరీక్ష అదే."

మొదటి గేరు పడింది. లారీ కదిలింది. రెండో గేరు కోసం ఆమె కడ్డీ పట్టుకుంటే అది గుడిగంట నాలుకలా అటూ ఇటూ ఊగింది. పక్క సీట్లో కూర్చున్న గంగులప్ప ఓపికగా చెప్పాడు.

"కడ్డీని రెండు వేళ్లు పైకెత్తండి. ఆ. రెండు తట్లు తట్టండి. ఇప్పుడు గుటక మింగండి."

రెబెకా తల తిప్పి చూసింది.

"గుటక ఎందుకు?"

"అంతసేపు ఆగాల మేడం. బండి తోలతా గడియారం సూసుకోలేం గదా."

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. మింగింది. లాగింది. లోపల ఇనుము ఇనుమును కొరికిన చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

"మీరు బిరీన మింగేసినారు" అన్నాడు గంగులప్ప.

రెబెకా బండి ఆపి దిగింది.

"శుక్రవారం పొద్దున తీసుకురండి. నేనూ నడుపుతాను, మీరూ నడుపుతారు. ఇద్దరి చేతికీ గేరు ఒకేలా పడాలి. పడకపోతే కాగితం లేదు. కాగితం లేని బండి తుక్కుకే."

ఇంట్లో అతని భార్య ఉదయలక్ష్మి రెండు మరమగ్గాలు నడుపుతుంది. ఆ చప్పుడులో గంగులప్ప జరిగిందంతా చెప్పాడు. ఆమెకు చివరి మాట ఒక్కటే వినిపించింది. మగ్గాలు రెండూ ఆపింది.

"ఏమంటివి? తుక్కా?"

"ఆమెకు గుటక మింగను రాల్యా మేయ్."

"నీకు వచ్చేది అదొక్కటే గదయ్యా. ఇన్నేండ్లు బండి అరిగిపోతా ఉంటే నీ చేతి గొప్పనుకుంటివి. బీములు రేపట్నుంచి నెత్తిన పెట్టుకోని మోస్తావా?"

గురువారం తెల్లవారగానే ఇద్దరూ తిరుపతి బయలుదేరారు. బాగుచేయించడం భర్త ఒక్కడివల్ల అయ్యే పని కాదని ఆమె గట్టి నమ్మకం.

రేణిగుంట రోడ్డు పక్కన మెకానిక్ దామోదరం షెడ్డు. పాత బండ్లంటే అతనికి ప్రాణం. పాత బండ్ల యజమానులంటే అంత కాదు. కడ్డీని పట్టుకుని ఊపాడు, చెవి ఆనించి విన్నాడు, స్టీరింగు కింద రేకు విప్పాడు. లోపల కడ్డీ తిరిగే చోట ఒక ఇనుప పిన్ను, దాని చుట్టూ అరుగుదల ఆపే చిన్న గొట్టం లాంటి బుష్షు ఉండాలి. బుష్షు లేదు. దాని స్థానంలో నల్లగా, జిడ్డుగా, పిట్టగూడు లాంటిదేదో ఉంది.

దామోదరం కొన పట్టుకుని లాగాడు. దారం వచ్చింది. ఇంకా లాగాడు. ఇంకా వచ్చింది.

"ఏందన్నా ఇది?"

గంగులప్ప షెడ్డు కప్పు వైపు చూశాడు.

"వదులైనప్పుడల్లా రోంత నూలు చుడతా ఉన్నా. ఆముదంలో ముంచి."

"నూలా?"

"మగ్గంలో ఏది లూజైనా మేం నూలే చుడతాం గదప్పా."

దామోదరం లాగుతూ పోయాడు. పైన నలుపు అయిపోయాక రంగులు మొదలయ్యాయి. నేలమీద కుప్ప పెరిగింది. గంగులప్ప సిగ్గు మరిచిపోయి దగ్గరికి వంగాడు.

"ఈ కావి రంగు మొన్నటిది. ఆ పచ్చ సూడు, అది పచ్చగళ్ల లుంగీల ఏడు. ఆ ఏడంతా పచ్చగళ్లే నేసినాం. ఎవురూ కొనల్యా."

"అందుకే బండిలో పెట్టినావా?" అన్నాడు దామోదరం.

"ఆ నీలం మా నందిని పుట్టిన ఏడు."

"బిడ్డ పుట్టిన ఏడు గుర్తు పెట్టుకునేదానికి గేరు విప్పి సూడాల్నా?" అంది ఉదయలక్ష్మి. "మొత్తం మీద ఒక లుంగీ అయ్యుండు."

దారం అయిపోయింది. పిన్ను బయటపడింది. దాని నడుమున లోతుగా ఒక గాడి, కత్తితో గీసినంత శుభ్రంగా. ఉదయలక్ష్మి దాన్ని తీసుకుని వెలుతురులో తిప్పి చూసింది. మగ్గంలో పోగు నడిచే ప్రతి ఇనుప కన్నుకూ అలాంటి గాడి పడటం ఆమె రోజూ చూసేదే. నూలు మెత్తనిదే. అయినా ఇనుమును కోస్తుంది. అది నేతవాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు.

"రోగం పాత బండిది గాదు" అంది. "నువ్వు పోసిన మందుది."

గంగులప్ప పిన్నును చేతికి తీసుకున్నాడు. గాడిలో గోరు పెట్టి చూశాడు. గోరు సగం దిగింది.

గాడిని వెల్డింగుతో పూడ్చి నునుపు చేయవచ్చని దామోదరం అన్నాడు. బుష్షు మాత్రం ఏ అంగట్లోనూ దొరకదు. ఇత్తడిది తిప్పవచ్చు గాని కొన్నాళ్లకు గలగలమంటుంది. జారుడుగా ఉండి దెబ్బలకు ఓర్చే సరుకేదైనా ఉంటే బాగుంటుంది.

ఉదయలక్ష్మి లారీ ఎక్కి సీటు కిందనుంచి ఒక డబ్బా లాగింది. ఎవరి షెడ్డుకో చేర్చాల్సిన మగ్గం పిక్కర్లు అందులో ఉన్నాయి. పిక్కరంటే పోగును మోసే నాడెను అటూ ఇటూ కొట్టే తెల్లని నైలాను దిమ్మ. ఒకటి తీసి దామోదరం చేతిలో పెట్టింది.

"నిమిషానికి నూరుసార్లు దెబ్బ తింటాది. నోరు తెరవదు. దీంట్లోంచి తిప్పు."

"డబ్బాలో ఒకటి తక్కువైతాది మేయ్" అన్నాడు గంగులప్ప.

"నా మగ్గానికి తెచ్చుకున్నది ఒకటి ఇంట్లో ఉండాది. ఇస్తాలే."

దామోదరం దిమ్మను లేత్ మిషనుకు పట్టించాడు. తెల్లని చుట్టలు రాలాయి. మధ్యాహ్నానికి బుష్షు తయారైంది, పిన్ను నునుపైంది, కడ్డీ తన చోట కూర్చుంది. నేలమీది రంగురంగుల దారపు కుప్పతో దామోదరం చేతుల గ్రీజు తుడుచుకున్నాడు. గంగులప్ప అది చూసి ముఖం తిప్పుకున్నాడు.

దామోదరమే మొదట నడిపి చూశాడు. రోడ్డు చివరిదాకా వెళ్లి వచ్చాడు. మొదటి గేరు, రెండు, మూడు. ఒక వేలితో.

"వెన్నలో కత్తన్నా. ఎక్కు."

గంగులప్ప ఎక్కాడు. మొదటి గేరు పడింది. బండి రోడ్డెక్కింది. అతని చెయ్యి కడ్డీని రెండు వేళ్లు పైకి లేపింది, రెండుసార్లు తట్టింది. అతడు గుటక మింగాడు, లాగాడు. కర్రుమంది. ఇప్పుడు కడ్డీలో వదులు లేదు. రెండు వేళ్లు లేపితే అది నేరుగా వెనక గేరు దారిలోకి పోతోంది.

"ఎత్తొద్దన్నా" అని దామోదరం వెనకనుంచి కేకేశాడు.

ఎత్తకూడదని గంగులప్పకు తెలుసు. చేతికి తెలియదు. మళ్లీ లేపింది. మళ్లీ కర్రు. చివరికి మొదటి గేరులోనే మలుపు దాకా వెళ్లాడు. వెనక ఆటోలు వరుసకట్టాయి. ఒక ఆటో పక్కకు వచ్చింది.

"పెద్దాయనా, నేర్చుకుంటా ఉండావా?"

గంగులప్పకు రైలుగేటు దగ్గర బండి వదిలి నడిచిపోయిన దొంగ గుర్తొచ్చాడు. పాపం, అనుకున్నాడు. శెనక్కాయలైనా పూర్తిగా తినలేదు.

షెడ్డుకు తిరిగి వచ్చేసరికి దామోదరం స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"లారీ బాగైపోయె. ఇంక నిన్ను బాగు చేయాల. దానికి నా దగ్గర సామాను లేదన్నా."

సాయంత్రమంతా షెడ్డు ముందే, ఇంజను ఆపిన లారీలో గంగులప్ప సాధన చేశాడు. ఉదయలక్ష్మి పక్క సీట్లో ఒక ఖాళీ నూలు కండె పట్టుకుని కూర్చుంది. చెయ్యి పైకి లేచినప్పుడల్లా మణికట్టు మీద ఒక్కటి వేసింది. ఇరవై సార్లలో పదిహేడు వేసింది.

"తట్టకుండా చెయ్యి దిగడంలే మేయ్. నా వల్ల గాదు."

"తట్టుకో. ఎవరొద్దన్నారు? కడ్డీని తట్టొద్దు. నీ మోకాలుండాది గదా."

"మోకాలు తట్టుకునే డ్రైవరు యాడన్నా ఉండాడా?"

"గుటకలు మింగే డ్రైవరు యాడుండాడో చెప్పు ముందు."

అతడు అలిగాడు. బండి దిగి, టైరును చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. టైరు బాగానే ఉంది.

మరునాడు ఉదయం మైదానంలో రెబెకా ముందు ఎక్కింది. మొదటి గేరు, రెండు, మూడు, చివర వెనక గేరు. ఒక చుట్టు తిరిగి వచ్చి ఆపింది. కాగితాల మీద ఏమీ రాయలేదు.

"ఇప్పుడు మీరు."

గంగులప్ప డ్రైవరు సీట్లోకి మారాడు. రెబెకా పక్కన కూర్చుంది. గోడ నీడలో ఉదయలక్ష్మి నిలబడి ఉంది. ఆమె చేతిలో కండె ఉంది. మొదటి గేరు పడింది. లారీ కదిలింది, వేగం అందుకుంది. ఇంజను రెండో గేరు అడగడం మొదలుపెట్టింది. అతని ఎడమచెయ్యి కడ్డీ మీదికి వెళ్లింది. అక్కడ ఆగింది. కడ్డీని వదిలి కిందికి దిగింది.

అతడు మోకాలిని రెండుసార్లు తట్టాడు. గుటక మింగాడు. చెయ్యి ఎత్తి కడ్డీని నేరుగా కిందికి లాగాడు.

రెండో గేరు చప్పుడు లేకుండా పడింది.

మూడు. నాలుగు. చుట్టు పూర్తయింది. బండి ఆగాక రెబెకా కాగితం మోకాలి మీద పెట్టుకుని, కలం మూత తీసింది. రాయబోయి ఆగింది.

"గుటక మింగారు."

"అది బండిది గాదు మేడం" అన్నాడు గంగులప్ప. "నాది."

ఆమె సంతకం చేసింది.