అరచేతికి తెలిసిన గుల్ల

మాచర్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో సైట్ ఇంజనీరుగా చేరిన మొదటి ఏడాది అది. మిల్లు కింద భూమిలో, కరెంటు కేబుళ్ళూ నీళ్ళ పైపులూ పోయే పాత సొరంగం ఒకటుంది. గోడల్లోకి నీరు ఊరి, లోపలి కడ్డీలు తుప్పు పట్టి, కాంక్రీటు పెచ్చులు లేస్తోంది. ఇనుప జాలీ బిగించి పైన కొత్త కాంక్రీటు వెయ్యాలి.

అంతకుముందే గుల్లలు పట్టాలి. అంటే పైకి బాగానే కనిపిస్తూ లోపల విడిపోయిన చోట్లు. వాటిని చెక్కెయ్యకుండా కాంక్రీటు వేస్తే, ఎప్పుడో ఒకనాడు పాతదీ కొత్తదీ కలిసి కింద నడిచే ఎలక్ట్రీషియన్ల మీద పడతాయి. ఆ పని మా మేస్త్రీది. అరవై దాటిన మనిషి, వెల్దుర్తి వైపు ఊరు. చిన్న సుత్తితో గోడని జానెడు జానెడుకీ కొడుతూ నడుస్తాడు. గట్టిగా ఉంటే "ఊఁ" అంటాడు. గుల్లయితే "గియ్యమ్మా" అంటాడు. నేను వెనకే వెళ్ళి సుద్దముక్కతో సున్నా చుట్టాలి. మాట్లాడక్కర్లేని పని, అందుకే నాకు ఇష్టం.

"ఏందమ్మా, నోరు తెరిస్తే సుద్ద అరిగిపోద్దా?" అనేవాడు. నవ్వి ఊరుకునేదాన్ని.

రెండోరోజు సొరంగం మలుపు దగ్గర సుత్తి దెబ్బ ఖాళీ కుండ మీద పడ్డట్టు మోగింది. ఆయన "ఊఁ" అని ముందుకెళ్ళాడు. నా చెయ్యి సగం లేచి ఆగిపోయింది. ఇంకాస్త దూరంలో మళ్ళీ అంతే. వెనక నుంచి ఎవరో టీ వచ్చిందని పిలిచినా తిరగలేదు. టీ అంటే తిరగని మనిషి కాదు.

ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను: "ఆయనకి వినపడటం లేదు. చెబితే పనిలోంచి తీసేస్తారు. చెప్పకపోతే గోడ ఎవరి మీదో పడుతుంది." రాశాక కూడా ఏం చెయ్యాలో తోచలేదు.

పొద్దున్నే అందరికంటే ముందు సొరంగంలోకి దిగి, మలుపు దగ్గర నేనే సున్నా చుట్టాను. వెనక్కి తిరిగితే ఆయన నిలబడి ఉన్నాడు.

"అది గట్టిదన్నా గదా నేను."

నేను సున్నా మధ్యలో వేలు పెట్టి చూపించాను. ఆయన నా మొహం వంక చూసి, సుత్తి నా చేతికిచ్చి, అరచెయ్యి గోడకి ఆనించాడు.

"కొట్టు."

కొట్టాను. కళ్ళు మూసుకున్నాడు. పక్కన కొట్టమన్నాడు, మళ్ళీ మొదటి చోటే కొట్టమన్నాడు.

"గుల్లే. చేతికింద వణుకుతంది." చెయ్యి తియ్యకుండానే అడిగాడు. "నీకెప్పటి నుంచి తెలుసు?"

"నిన్నటి నుంచి, బాబాయ్." వినపడేట్టు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

"నాకు పోయినేటి నుంచి తెలుసు. మా ఇంటిదానికి గూడా చెప్పలా."

సొరంగం మొదటికి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాం. నేను కొట్టటం, ఆయన అరచెయ్యి ఆనించటం. మొదటిరోజు ఆయన వదిలేసి, కొత్తదాన్ని నేనూ గమనించని గుల్లలు కూడా దొరికాయి. ఒక్కోటి దొరికినప్పుడల్లా ఆయన మొహం చిన్నబోయేది. నేను అటు చూడకుండా సున్నా చుట్టేదాన్ని.

జాలీ కట్టేవాళ్ళు ఖాళీగా కూర్చున్నారని పెద్ద ఇంజనీరుగారు దిగి వచ్చారు. "అయిపోయిన గోడ మళ్ళీ ఎందుకు కొడుతున్నారు?"

"నేనే సార్," అన్నాను, మేస్త్రీకీ వినపడేంత గట్టిగా. "నాకు నేర్పమని నేనే అడిగాను."

"ఆ అమ్మాయికి అబద్ధం రాదు సార్," అన్నాడు మేస్త్రీ. "నాకు చెవులు ఆనటంలా. చానా గుల్లలు వదిలేశా. ఈ అమ్మాయి పట్టింది."

ఇంజనీరుగారు గోడ మీది సున్నాలు చూశారు, మేస్త్రీ చేతిని చూశారు, గొంతు పెంచి అడిగారు. "ఇప్పుడేమన్నా వదిలారా?"

"ఇద్దరం కలిసి చూస్తే వదలం సార్."

"అయితే ఇద్దరే చూడండి. జాలీవాళ్ళని రేపు రమ్మంటా."

ఇంజనీరుగారు మెట్లెక్కి వెళ్ళిపోయారు. తర్వాత మేస్త్రీ అరచేతిని చొక్కాకి తుడుచుకుని మళ్ళీ గోడకి ఆనించాడు.

"కానివ్వమ్మా. ఇంకో జానెడు పక్కకి."