పిల్లి స్కానుకి ముందు ప్రసాదం

ఒక ప్రాణానికి నేను తలపెట్టిన మేలు కొలిస్తే మూడు చిటికెలుంటుంది. అది చేసిన నాశనం చెబుతాను, నవ్వుకోండి. మధ్యలో నవ్వు ఆగిపోతే పూచీ నాది కాదు.

మా పెద్దమ్మ ధవళేశ్వరంలో చేపలు కోసి అమ్ముతుంది. ఆమె కత్తిపీట పక్కన కూర్చుని, ప్రతి చేపనీ పెళ్లిచూపులకొచ్చిన మేనత్తలా ఎగాదిగా చూసే పిల్లికి సూపర్‌వైజర్ అని పేరు పెట్టింది నేనే. ఒకరోజు దాని దవడ కింద చింతగింజంత గడ్డ కనిపించింది. రాజమండ్రి డాక్టరుగారు పరీక్ష చేయించి క్యాన్సరన్నారు.

"ముందు వైజాగ్‌లో సీటీ స్కాన్ తీయించండి. గడ్డ ఎంతవరకు పాకిందో చూస్తేగానీ ఎక్కడిదాకా కోయాలో తెలీదు. మత్తు ఇస్తారు కాబట్టి ముందురోజు రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దు."

"పిల్లికి స్కానేంటి పెద్దమ్మా, తాతయ్యకే తీయించలేదు" అన్నాను.

"మీ తాతకి నోరుండేది. మూలిగితే వీధంతా వినేది. దీనికెవరున్నార్రా?"

తెల్లారగానే కారులో బయలుదేరాం. బుట్టలో సూపర్‌వైజర్ బలవంతంగా నిరాహారదీక్షకి కూర్చోబెట్టిన నాయకుడిలా అరుస్తోంది. పెద్దమ్మ దాని ముఖం చూడలేక కిటికీ వైపు తిరిగింది. తనూ ఏమీ తినలేదు.

ఇప్పుడు మీరే చెప్పండి, మావైపు వాళ్లు వైజాగ్ వెళుతూ అన్నవరంలో కారు ఆపకుండా ఉంటారా? కొండ కింద ఆపాం. పెద్దమ్మ దణ్ణం పెట్టుకోవడానికి వెళ్లింది. నేను ప్రసాదం కొని ఆకు పొట్లం విప్పాను. నెయ్యి వాసనకి బుట్టలో అరుపు ఆగింది. ఉపవాసం ఉన్నవాళ్లు కూడా ప్రసాదం కాదనరు. మా ఇంట్లో అది తిండి కిందకే రాదు. కళ్లకద్దుకుని చిటికెడు పెట్టాను. ఇంకో చిటికెడు పెట్టాను. మూడోది అదే లాక్కుంది.

"ఏమైనా పెట్టారాండి?" వైజాగ్‌లో డాక్టరమ్మగారు అడిగారు.

"లేదండి" అంది పెద్దమ్మ.

"మరి మూతికి ఈ రవ్వ ఏంటండి?"

"ప్రసాదమండి" అన్నాను. "కొంచెమే. భక్తితో పెట్టాను."

"మత్తులో వాంతి చేసుకుంటే అది భక్తితోనే ఊపిరితిత్తుల్లోకి పోతుందండి. ఈరోజు చెయ్యను. మిషన్ మళ్లీ ఖాళీ అయ్యేది మూడు వారాలకి."

తిరుగుదారిలో పెద్దమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే ఏదో జోకు వేసి బయటపడేవాణ్ణి.

మూడు వారాలకి స్కాన్ అద్భుతంగా వచ్చింది. తెర మీద సూపర్‌వైజర్ తల బ్రెడ్డు ముక్కల్లా పొరలు పొరలుగా కనిపించింది. గడ్డ దవడ ఎముక దాటి కంటి వెనక్కి చేరింది.

"ఇప్పుడు కోసినా లాభం లేదండి. అప్పుడే చూసి ఉంటే..." డాక్టరమ్మగారు నా వంక చూసి మిగతా మాట మింగేశారు. "నొప్పి తెలీకుండా మందులిస్తాను."

ఆ మందులతో నెలన్నర గడిచింది. అంతే.

ఎవరైనా అడిగితే "మిషన్ ఖాళీ లేదన్నారండి, ఆలస్యమైపోయింది" అంటుంది పెద్దమ్మ, చేప పొలుసు గీకుతూ. ఎవరు ఏ గొప్ప చెప్పినా ఆ బుడగకి సూది గుచ్చే నేను, ఆ ఒక్క అబద్ధం దగ్గర తల దించుకుని నిలబడతాను.

కాబట్టి గోదావరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పరగడుపున తీసుకురమ్మన్న పిల్లికి ఇకమీదట దేవుడి పేరు చెప్పి కూడా ఏమీ పెట్టను. నిలబెట్టుకోవడం కష్టమేమీ కాదు. మా ఇంట్లో ఇప్పుడు పిల్లి లేదు.