నాట్లకు పోయిన ఏసీ మెకానిక్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, వానాకాలం చివర. అప్పుడు పంజాగుట్టలో ఒక ఆసుపత్రి మైక్రోబయాలజీ విభాగంలో డాక్టరుగా ఉన్నాను. రోగుల రక్తంలో, చీములో ఉన్న క్రిమి ఏదో తేల్చడం మా పని. రోగుల ముఖాలు మాకు అరుదుగా కనిపిస్తాయి.

మల్లేశ్ యూసుఫ్‌గూడలో అద్దె గదిలో ఉండే ఏసీ మెకానిక్. నలభై దాటాయి, షుగర్ ఉంది. జ్వరం, దగ్గు తగ్గకపోతే, ఎక్స్‌రేలో మచ్చ చూసి ఒక చిన్న క్లినిక్‌లో టీబీ మందులు మొదలుపెట్టారు. వారాలు గడిచినా జ్వరం దిగలేదు. మా దగ్గరికి వచ్చేసరికే కిడ్నీలు దెబ్బతిన్నాయి.

బ్లడ్ కల్చర్‌లో, అంటే రక్తంలోని క్రిములను పెంచి చూసే పరీక్షలో, మెలియాయిడోసిస్ అనే జబ్బు తెచ్చే క్రిమి పెరిగింది. అది తడి మట్టిలో, వరి మళ్ల నీళ్లలో బతుకుతుంది. కాళ్ల పగుళ్ల గుండా ఒంట్లోకి చేరుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఎక్కువ ప్రమాదం. జబ్బు టీబీలాగే కనిపిస్తుంది కానీ టీబీ మందులకు లొంగదు. వార్డు డాక్టరుకు ఫోన్ చేసి ఇంజెక్షన్ మార్పించి, నేనూ పై అంతస్తులోని వార్డుకు వెళ్లాను.

"పొలం పని చేస్తారా?"

"లేదు సార్, ఏసీ పని. పొలం మా అన్న చూస్కుంటడు," అన్నాడు మల్లేశ్ ఆయాసపడుతూ.

"ఇది మట్టి నుంచి వచ్చే జబ్బు."

"ఏసీ దుమ్మంటే ఒప్పుకుంట సార్. గీ పట్నంల మట్టేడుంది? అంత సిమెంటే."

పక్కనున్న భార్య సుజాత అందుకుంది. "ఊరికి నాట్లకు పోయినవ్ గద. పొద్దంత బురదలనే ఉన్నవ్. అది చెప్పవేంది?"

"అదేం పనే? మన పొలం. అన్నకు జర ఆసరైతనని పోయిన."

ఏటా వాన పడగానే ఇలా వెళ్లొచ్చేవాళ్లు ఈ నగరంలో ఎంతమందో. కూలి తీసుకోని పని వాళ్ల దృష్టిలో పని కాదు. క్లినిక్‌లో "ఏం పని చేస్తావు?" అన్నప్పుడు మల్లేశ్ అబద్ధం చెప్పలేదు.

మందు మార్చాక అతను ఎక్కువ రోజులు బతకలేదు.

తర్వాత అన్న రాజయ్య నన్ను వెతుక్కుంటూ ల్యాబ్‌కు వచ్చాడు. "మా మట్టిల రోగమున్నదంటున్నరు. నాకు సుత షుగరుంది సార్. మల్ల నాట్లెయ్యాల్నా, వద్దా?"

"వెయ్యండి. బూట్లతో దిగండి. కాలికి పుండుంటే దిగొద్దు. జ్వరమొస్తే ఈ జబ్బు పేరు డాక్టరుకు చెప్పండి."

"చెప్పులేసుకొని పొలంల కాలు పెడ్తరా సార్," అన్నాడు నెమ్మదిగా. "మా దిక్కు ఇంకెవ్వలకన్న వచ్చిందా ఇది?" అని అడిగాడు.

తెలియదన్నాను. అక్కడి మట్టిని పరీక్షించినట్టు నేను వినలేదు. జ్వరంతో పోయినవాళ్ల రక్తాన్నీ అంతే. వానలు దండిగా పడే తీరప్రాంతాల జబ్బుగా దీన్ని చదువుకున్నాం. అది అక్కడ ఎక్కువన్న మాట నిజమే. కానీ పట్టుకోగల ల్యాబ్ ఉన్నచోటే జబ్బు ఉన్నట్టు తెలుస్తుంది. లేనిచోట టీబీ అనో, విషజ్వరమనో అనుకుని మనిషిని సాగనంపుతారు.

ఇప్పుడు ఎప్పుడైనా రోగి దగ్గరికి వెళ్తే, ఏం పని చేస్తారని అడిగి ఊరుకోను. ఈ వానల్లో ఎక్కడెక్కడ బురదలోకి దిగారని అడుగుతాను. ఆ మాటకు ఎవరైనా ఇట్టే జవాబు చెబుతారు. మల్లేశ్ కూడా చెప్పేవాడే.