మౌస్ అంటే పడని బాబాయ్

ఆ అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే బాబాయ్‌కి మౌస్ అంటే అస్సలు పడదు. ఎవరైనా దాన్ని ముట్టుకుంటే తన కంచంలో చెయ్యి పెట్టినట్టు మొహం పెడతాడు. అందరికీ ఆయన బాబాయే, మేనేజరుతో సహా.

టైపిస్టుకి మాత్రం ఈయన చాదస్తం చూసి నవ్వుకునే ఓపిక లేదు. ఈ చాదస్తం మొదలవకముందే తెరమీద మౌస్ బాణం ఆమె కంటికి ఆనడం మానేసింది. పెద్దక్షరాలైతే చదవగలదు. ఆ సన్నటి బాణం ఎక్కడుందో తెలియక చెయ్యి గుండ్రంగా తిప్పుతూ కూర్చునేది. చూపు ఇంతకన్నా మెరుగవదని డాక్టరు చెప్పేశాడు. మేనేజరు చెవిన పడితే ఉద్యోగం ఊడుతుందని బెంగ.

"ఏం వెతుకుతున్నావమ్మాయ్?" అని బాబాయ్ ఒకసారి అడిగాడు కూడా.

"ఏం లేదు బాబాయ్‌గారూ."

ఆ మర్నాడే ఆయనకి ఈ పిచ్చి పట్టింది. అందరి మౌసులూ పీకి తన సొరుగులో పడేసి తాళం వేశాడు. పేజీలు కట్టేవాడు లబోదిబోమన్నాడు.

"వేళ్లున్నాయి, మీటలున్నాయి. నేర్చుకోరా, చచ్చిపోవు!"

అప్పట్నుంచి టీ ఒలికినా బాబాయ్ గుడ్డ కోసం చూడడు. ఎడమచేతి వేళ్లు ఉత్త బల్లమీద, చేసిన తప్పుని చెరిపేసే కంట్రోల్, జెడ్ కొట్టేస్తాయి. టీ మాత్రం కప్పులోకి తిరిగి రాదు. కళ్లజోడు కనపడకపోతే కంట్రోల్, ఎఫ్. అది నెత్తిమీదే ఉంటుంది.

అందరికన్నా ఎక్కువ టైపిస్టునే సతాయించాడు. పక్కన కుర్చీ వేసుకుని, "కంట్రోల్ పట్టుకుని ప్లస్ కొట్టు, అక్షరం ఎంత కావాలంటే అంతవుతుంది. మాట మార్చాలంటే హెచ్. మళ్లీ కొట్టు. చూడకుండా కొట్టు!" ఆయన పోరు పడలేక, లోపల తిట్టుకుంటూనే నేర్చుకుంది.

ఒకరోజు మేనేజరు వచ్చి ఆమె వెనకే నిలబడ్డాడు.

"ఈ నవల్లో నాయిక పేరు మారింది. నేనిక్కడ ఉండగానే మార్చెయ్యమ్మా, ప్రెస్సుకి పంపాలి."

ఇవాళ్టితో దొరికిపోయాననుకుంది ఆమె. వేళ్లు మాత్రం ఆగలేదు. కంట్రోల్, హెచ్, పాత పేరు, ట్యాబ్, కొత్త పేరు. కన్ను మూసి తెరిచేలోగా పుస్తకమంతా మారిపోయింది.

"అబ్బో! మౌస్ లేకుండానే?"

"ఇక్కడెవరికీ లేదు కదండీ" అంది.

ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం గొడుగు మరిచిపోయి వెనక్కి వచ్చింది. గదిలో బాబాయ్ ఒక్కడే ఉన్నాడు. టిక్. టిక్‌టిక్. ఆమె చూపు మందగించింది గానీ చెవులకేం? అది మౌస్ చప్పుడే.

"దిక్కుమాలిన మీటలు, నాలుగు తప్ప ఒక్కటీ గుర్తుండి చావవు" అని గొణుక్కుంటున్నాడు.

ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. తనొక్కతే మౌస్ లేకుండా పనిచేస్తే నలుగురూ ఎందుకని అడుగుతారు. ఎవరికీ లేకపోతే ఎవరడుగుతారు? ఈ పెద్దమనిషిని తను ఎన్ని తిట్లు తిట్టుకుంది! గొంతు సవరించుకుంది.

"బాబాయ్‌గారూ, మేనేజరుగారు వస్తున్నారు!"

సొరుగు ధడాలున మూసుకుంది.

"కాదు లెండి, నేనే. ఏం చేస్తున్నారు?"

"ఏముందమ్మాయ్, ఏం లేదు" అన్నాడు బాబాయ్. ఎడమచేతి వేళ్లు అప్పటికే ఉత్త బల్లమీద కంట్రోల్, జెడ్ కొట్టేస్తున్నాయి.